గోడ మీద బోలు అక్షరాలు

మొన్న మనవరాలి మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ చేయిద్దామని మంచిర్యాలలో ఒక దుకాణానికి వెళ్లాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి పాప ఫోటో పెట్టి, పేరు కొట్టి, అక్షరాల రకాలు ఒక్కొక్కటే మార్చి చూపిస్తోంది. లావువి, సన్నవి, వంకర్లు తిరిగినవి. నాకేదైనా ఒకటే. "నీకు నచ్చింది పెట్టు తల్లీ" అన్నాను.

ఆ పిల్ల ఇంకొకటి నొక్కింది. "గిది చూడుండ్రి మేడం. లోపల ఖాళీ, సుట్టూ గీత ఒక్కటే. శీర్షికలకు, పేర్లకు మస్తుంటది. అందరు గిదే అడుగుతున్నరు" అంది.

తెర మీద పాప పేరు నిలబడింది. అక్షరం చుట్టూ సన్నటి గీత. కుడిపక్కన నీడలాగా ఇంకో గీత. తలకట్టు కొసలు మొలక తిరిగినట్టు కాస్త పైకి వంగి ఉన్నాయి. అక్షరాల కడుపులో ఏ రంగూ లేదు. వెనక ఉన్న పూలే లోపలి నుంచి కనబడుతున్నాయి.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. "బాగలేదా మేడం?" అంది. "బాగుంది. వేరేది పెట్టు" అన్నాను. ఆ పిల్ల వింతగా చూసింది. ఇంటికి వచ్చాక కోడలికి కూడా చెప్పలేదు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా బాపుది బాయి పని. బొగ్గు గనిని మా దిక్కు బాయి అనే అంటారు. గోదావరికి ఇవతల, లక్సెట్టిపేట బస్సులు పోయే దారికి కాస్త లోపలగా మా క్వార్టర్లు ఉండేవి. అన్నీ ఒకే తీరు, రెండేసి గదులు, ముందొక గద్దె, అరుగు లాంటిది. వరుసను లైను అనేవాళ్లం. ఒక లైనులో మా కరీంనగర్ దిక్కు వాళ్లు, పక్క ఇంట్లో మాటకు ముందు మరాఠీ దొర్లే ఆదిలాబాద్ వాళ్లు, ఆ పక్కన గోదావరి కింది నుంచి వచ్చిన వాళ్లు. పొద్దుగూకే వేళకు అన్ని ఇళ్ల ముందూ బొగ్గు పొయ్యిలు అంటించేవాళ్లు. ఆ పొగ దట్టంగా కిందికి వంగి లైనంతా పాకేది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు దగ్గేవాళ్లు. మాకు ఆ పొగ వాసన వస్తే ఆకలయ్యేది, ఎందుకంటే దాని వెనకాలే మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, కాల్చే సర్వపిండి వాసన వచ్చేది. గిన్నెకు అంటిన మాడు చెక్క కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

మా పక్కింట్లో బోర్డుల కాక ఉండేవాడు. కాక అంటే బాబాయి, సొంత కాక కాదు. బాపు ఆయనను తమ్మీ అని పిలిచేవాడు, కాబట్టి మాకు కాక. ఆయన భార్యను చిన్నవ్వ అనేవాళ్లం. ఆమెది ఖానాపూర్. అప్పటికి వాళ్లకు పిల్లల్లేరు. ఆ తర్వాత ఒక కొడుకు పుట్టాడు.

కాక మొదట బాయి లోపల బొగ్గు ఎత్తేవాడు. ఒకసారి బొగ్గు తొట్టి పట్టా తప్పి ఆయన పాదం మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ కుంటు మిగిలింది. దాంతో పైన పనిలో వేశారు. అక్కడ తొట్ల మీద సుద్దతో అంకెలు వేస్తుంటే మేనేజర్ దొర చూశాడు. ఇంత అందంగా రాసేవాడితో అంకెలేమిటని బోర్డులు, గోడలు అప్పగించాడు. అప్పటి నుంచి బాయి దగ్గర ఏ గోడ మీద ఏ మాట ఉన్నా అది కాక చేతిదే.

ఆయన రాసేవి బోలు అక్షరాలు. ముందు నూలు దారానికి సుద్ద పట్టించి, రెండు కొసలా మేకులకు కట్టి, మధ్యలో లాగి వదిలేవాడు. టప్పుమని గోడ మీద తెల్లటి గీత పడేది. ఆ గీతల మధ్య ఉడత వెంట్రుకల సన్న కుంచెతో, జాజు కలిపిన ఎర్ర రంగుతో, అక్షరం అంచు మాత్రమే గీసేవాడు. దాని పక్కన నీలంతో నీడ. లోపల ఏమీ నింపేవాడు కాదు. "ఎందుకు కాక నింపవు?" అని ఒకసారి అడిగాను. "నింపితే రంగు కనవడుతది బిడ్డా. నింపకుంటె గోడనే అక్షరమైతది" అన్నాడు. నాకు అర్థం కాలేదు గానీ ఆ మాట బాగా నచ్చి, బడిలో నా సొంత మాటలాగా చెప్పుకున్నాను.

ఆయన బట్టలకు ఎప్పుడూ అవిసె నూనె, కిరసనాయిలు కలిసిన వాసన ఉండేది. ఆ వాసన కోసమే నేను ఆయన పక్కన కూర్చునేదాన్ని.

ఒకరోజు ఆయన గద్దె మీద కూర్చుని, ఆఫీసు గుమాస్తా ఇచ్చిన చీటీ పట్టుకుని తదేకంగా చూస్తున్నాడు. నేను తొక్కుడుబిళ్ల ఆడుతూ అటు వచ్చి, "కాక, కాగితం తలకిందుల పట్టుకున్నవ్" అన్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. లోపల చిన్నవ్వ ఉందో లేదో ఒకసారి వెనక్కి చూసి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నాకు సదువు రాదు బిడ్డా. ఎవలకు చెప్పకు."

నాకు నవ్వొచ్చింది. "మరి రాస్తవ్ గద?"

"రాస్తలేను. గీస్తున్న. సిన్నప్పుడు లక్సెట్టిపేటల ఒక పెయింటర్ సేటు దగ్గర అక్షరాలన్ని గీసుడు నేర్చిన. ఏది ఎట్లుంటదో ఎర్క. ఏది ఏమంటదో ఎర్క లేదు."

అచ్చు అక్షరాలుంటే చూసి గీయగలడు. గుమాస్తా గొలుసుకట్టు రాత మాత్రం ఆయనకు పురుగులు పాకినట్టు ఉండేదట. అంతవరకు ఆ చీటీలు గుండ్రంగా రాసి ఇచ్చే స్నేహితుడు ఒకడుండేవాడు, వాడు వేరే బాయికి బదిలీ అయిపోయాడు. చిన్నవ్వకు కూడా ఈ సంగతి తెలియదు. పెళ్లినాడు చదువొచ్చని చెప్పారు.

ఆ రోజు నుంచి ఆ పని నాదయింది. నేను చీటీ పైకి చదివి, నా నోటుబుక్కు కాగితం చింపి దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చేదాన్ని. ఆయన అక్షరాలకు తన పేర్లు పెట్టుకున్నాడు. 'జ' కూర్చున్న కోడి. 'క్ష' దండ వేసుకున్న పెళ్లికొడుకు. 'అ' ముడుచుకుని పడుకున్న పిల్లి. "గీ మాటల పిల్లి ఎన్నోది?" అని అడిగేవాడు. నేను విరగబడి నవ్వేదాన్ని. పెద్దవాళ్లెవరికీ తెలియని రహస్యం నా దగ్గర ఉందని రాత్రి దుప్పట్లో కూడా నవ్వుకునేదాన్ని. ఆయన ప్రతిసారి పల్లిపట్టీ తెచ్చేవాడు. దానికంటే పెద్దది ఒక మాట ఇచ్చాడు. నా బడి డబ్బా మీద, రేకు డబ్బా మీద, నా పేరు బోలు అక్షరాలతో రాస్తానన్నాడు. "మన బాయి మీద రాసినదానికన్న మంచిగ రాస్త" అన్నాడు. నేను ఆ సంగతి బడిలో అందరికీ చెప్పేశాను.

ఆ మాట ఇచ్చి చాలా నెలలైంది. రేపు, ఎల్లుండి అంటూ వచ్చాడు. ఇంతలో చిన్నవ్వ చెల్లెలి బిడ్డ ఖానాపూర్ నుంచి వచ్చింది. ఇక్కడి బడి మంచిదని ఆ ఏడు వీళ్లింట్లో ఉంచి చదివిస్తామన్నారు. నా ఈడుదే, నా తరగతిలోనే చేరింది. రెండు జడలు, వాటికి ఎర్ర రిబ్బన్లు. కాకను పెద్దబాపు అని పిలిచేది. మంచి పిల్ల. జామకాయ కొరికితే సగం నాకు పెట్టేది. నాకు మాత్రం ఆ పిల్ల వచ్చిన రోజు నుంచి కడుపులో మంట.

ఒక సోమవారం ఆ పిల్ల బడికి కొత్త రేకు డబ్బా తెచ్చింది. మూత మీద ఆమె పేరు. నెమలి రంగు గీత, నారింజ నీడ, తలకట్టు కొసలకు చిన్న చిన్న మొలకలు. తరగతంతా దాని చుట్టూ మూగింది. ఎవరో, "నీ డబ్బ మీద రాస్తడంటివి గదనే?" అన్నారు నాతో. నేను నా డబ్బా బెంచీ కిందికి తోశాను.

సాయంత్రం కాక నవ్వుతూ పిలిచాడు. "గా పిల్ల కొత్తగొచ్చింది గద, ఏడుస్తున్నది ఇల్లు యాదికొచ్చి. గందుకని ముందుగాల దానికి రాసిన. నీది గీ వారంల రాస్త."

"రాయకున్నా ఏం గాదు" అన్నాను. ఆయనకు నా గొంతులో ఏమీ వినిపించలేదు.

అంతకు రెండు నెలల ముందు మా వెనక లైనులో ఉండే ఒకాయన బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ ఇంట్లో ఏడుపు మా గోడ దాకా వినిపించేది. అందుకే ఆ ఏడు రక్షణ వారోత్సవాలు గట్టిగా చేస్తారని అందరూ అనుకున్నారు. పెద్ద ఆఫీసు నుంచి పెద్ద దొర వస్తాడు. బాయి గేటు పక్క పొడుగాటి గోడకు కొత్త సున్నం వేశారు. దాని మీద ఐదు వాక్యాలు రాయాలి.

శనివారం సాయంత్రం కాక చీటీ పట్టుకుని వచ్చాడు. చిన్నవ్వా, ఆ పిల్లా నల్లా దగ్గరికి నీళ్లకు పోయారు. మేమిద్దరం వాళ్ల గద్దె మీద కూర్చున్నాం. నేను చదివాను, రాశాను. మూడో వాక్యం 'అజాగ్రత్త ప్రాణానికి ముప్పు'. పైకి సరిగ్గానే చదివాను. రాయబోయేటప్పుడు పెన్సిల్ ఆగింది. లోపల ఇంట్లో నెమలి రంగు డబ్బా గూట్లో పెట్టి ఉంది, తలుపు సందులోంచి కనబడుతోంది.

నేను 'జాగ్రత్త ప్రాణానికి ముప్పు' అని రాశాను.

మరిచిపోయి కాదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అలా నమ్మించుకోవాలని చూశానో నాకే తెలియదు. మరిచిపోలేదు. ఎవరో చూస్తారు, నవ్వుతారు, కాక ఆ మాట తుడిచి మళ్లీ రాసుకుంటాడు, పరిగెత్తుకొచ్చి "నువ్వు లేకుంటె నా పని నడువది బిడ్డా" అంటాడు. నేను అనుకున్నది ఇంతే. ఆయన వేళ్లు మడిచి అక్షరాలు లెక్కపెట్టుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఆదివారం బాయి బందు. కాక పొద్దుటి నుంచి గోడ దగ్గరే ఉన్నాడు. మధ్యాహ్నం చిన్నవ్వ నాకు సద్ది ఇచ్చి పంపింది, జొన్న రొట్టె, ఎల్లిగడ్డ కారం, ఒక ఉల్లిగడ్డ. గేటు కాడ కావలి ముసలాయన కునుకు తీస్తున్నాడు. ఎండ తెల్లటి సున్నం మీద పడి కళ్లు పోతున్నాయి. ఆ గోడ మీద ఎర్ర గీతలతో, నీలి నీడలతో కాక అక్షరాలు వరుసగా నిలబడి ఉన్నాయి. అంత పెద్దవి ఆయన ఎప్పుడూ రాయలేదు. ఒక్కొక్కటి నా నడుమంత ఎత్తు. మూడో వాక్యం అయిపోయింది. నాలుగో దాంట్లో ఉన్నాడు.

ఆయన నిచ్చెన దిగి, కుంటుకుంటూ నాలుగడుగులు వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ముఖమంతా చెమట. "ఎట్లున్నయి బిడ్డా? మంచిగున్నయా?"

అప్పుడు చెప్పొచ్చు. రంగు ఇంకా తడిగానే ఉంది, ఒక్క గుడ్డ ముక్కతో పోయేది.

"మంచిగున్నయ్ కాక" అన్నాను.

సోమవారం పొద్దున బడి పిల్లలందరినీ వరుసలు కట్టించి గేటు దగ్గరికి తీసుకుపోయారు. మొదటి షిఫ్టు వాళ్లు చీకటిలోనే దిగిపోయారు, గోడ ఎవరూ చూడలేదు. రెండో షిఫ్టు వాళ్లు, ఆడవాళ్లు, యూనియన్ వాళ్లు నిండిపోయారు. కాక ఉతికిన చొక్కా వేసుకుని గోడ కొసన నిలబడ్డాడు. పెద్ద దొర కొబ్బరికాయ కొట్టి, గోడ వైపు తిరిగి, "బ్రహ్మాండంగా ఉన్నాయే, ముత్యాలు పేర్చినట్టు" అన్నాడు. కాక ముఖం వెలిగిపోయింది. పెద్ద దొర ఒక్కొక్కటే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మొదటిది. రెండోది.

"జాగ్రత్త ప్రాణానికి..." అని ఆగిపోయాడు.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు నవ్వాడు. అప్పుడు జనంలోంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. చనిపోయినాయన తమ్ముడు.

"ఏందిది? మా అన్న జాగ్రత్తగున్నందుకే సచ్చిండా? సచ్చినోని మీద ఎక్కసమాడుతున్రా?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ వెనకే ఒకామె గొంతెత్తి ఏడ్చింది. చనిపోయినాయన భార్య. నేను ఆమె వైపు చూడలేదు. యూనియన్ వాళ్లు అరుస్తున్నారు. పెద్ద దొర ముఖం కందిపోయింది.

"ఎవరు రాసింది ఇది?"

"నేనే సార్" అన్నాడు కాక.

"రాసింది ఒకసారి చదువుకోవా?"

కాక గోడ వైపు చూశాడు. ఏ అక్షరం తప్పో ఆయనకు తెలియడం లేదు. అంత మందిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన కళ్లు ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి పోతున్నాయి, ఇంట్లో ఏదో పోగొట్టుకున్నవాడు వెతికినట్టు.

గుమాస్తా తన దగ్గరున్న నకలు తీసి చూపించాడు. అది సరిగ్గానే ఉంది. "నీకు ఇచ్చిన కాగితం ఏది?" అని మేనేజర్ దొర అడిగాడు. కాక చెయ్యి జేబు మీదికి పోయింది. నేను రాసిన కాగితం అందులోనే ఉంది, మడత కొస బయటికి కనబడుతోంది కూడా. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది, జేబును మూసినట్టు.

"పోగొట్టిన సార్."

ఆయన చూపు పిల్లల వరుసల మీదికి వచ్చింది. నేను తల వంచి నా చెప్పులు చూసుకున్నాను.

ఆ సాయంత్రం బాపు అన్నం ముందు కూర్చుని అవ్వతో చెప్పాడు. "ఆఫీసులకు పిలిసి కాగితం చేతికిచ్చి సదువుమన్నరట. ఎంతసేపు పట్టుకున్నా నోరు తెరువలేదట. సదువు రాదని తెలిసిపోయింది."

"అయ్యో! మరి గిన్ని దినాలు ఎవలు సదివి పెట్టిన్రు?" అంది అవ్వ.

"గదే అడిగిన్రట. ఎవల పేరూ చెప్తలేడు."

నా నోట్లో ముద్ద అట్లాగే ఉంది. అవ్వ, "ఏందే, తింటలేవు?" అంది. "కడుపు నొస్తున్నది" అన్నాను. అవ్వ వాము నలిపి పెట్టింది. అది నములుతూ గోడ వైపు తిరిగి పడుకున్నాను. పక్కింట్లో నుంచి చిన్నవ్వ గొంతు వినిపించింది. "పెండ్లినాడే చెప్తే నేను కాదంటుంటినా? గిన్నేండ్లు నాకాడ ఎందుకు దాస్తివి?"

బడిలో ఆ ఎర్ర రిబ్బన్ల పిల్లను అందరూ చుట్టుముట్టారు. "మీ పెద్దబాపు వేలిముద్రగాడట గద!" అని ఒకడు వేలు డబ్బా మీద గుద్ది చూపించాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే నా మీద అనుమానం వస్తుందేమోనని నేనూ నవ్వాను. ఆ పిల్ల అందరినీ వదిలేసి నా వైపే చూసింది. ఆ వారంలోనే వాళ్ల బాపు వచ్చి ఖానాపూర్ తీసుకుపోయాడు.

కాకను పైన పని నుంచి తీసి మళ్లీ లోపలి పనికి వేశారు. ఆ కుంటి కాలుతో ఆయన దిగుడు బాటలో నడిచిపోవడం ఊహించుకుంటే నాకు జ్వరం వచ్చేది. గోడకు మళ్లీ సున్నం కొట్టి, వేరే ఎవరితోనో లావుపాటి నల్ల అక్షరాలు రాయించారు.

నేను వాళ్లింటి వైపు పోవడం మానేశాను. చెప్పేద్దామనుకున్న రోజులున్నాయి. అవ్వ రోకలితో దంచుతుంటే పక్కన నిలబడి, రెండుసార్లు నోరు తెరిచి, "ఆకలైతున్నదవ్వా" అన్నాను.

పది పదిహేను రోజులకు కాకే వచ్చాడు. రెండో షిఫ్టుకు పోవడానికి ఇంకా టైముంది. చేతిలో రంగుల డబ్బాలు, సన్న కుంచె. "నీ బడి డబ్బ పట్కరా" అన్నాడు. అవ్వ తెచ్చి ఇచ్చింది. గద్దె మీద కూర్చుని, డబ్బాను తొడల మధ్య పెట్టుకుని గీయడం మొదలుపెట్టాడు. పేరు కాగితం మీద రాసిమ్మని నన్ను అడగలేదు. నా నోటుబుక్కు అట్ట మీద నేను అచ్చులాగా రాసుకున్న పేరు చూసి గీశాడు. బొగ్గు దుమ్ము గోళ్ల సందుల్లో ఇరుక్కుని ఉంది. మునుపు అక్కడ రంగు ఉండేది.

సగం పేరు అయ్యాక, తల ఎత్తకుండా అడిగాడు.

"గా మాటకు ముందల పిల్లి ఉండాలెనట గద బిడ్డా. నువ్వు రాసిచ్చిన దాంట్ల లేకుండె. మర్సిపోయినవా?"

అవ్వ లోపల ఉంది. దారిలో ఎవరూ లేరు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"అవ్ కాక. మర్సిపోయిన" అన్నాను.

కుంచె మళ్లీ రంగులో ముంచాడు. "గంతే. పిల్లలన్నంక మరుస్తరు" అన్నాడు. మిగతా సగం పూర్తి చేసి, నీడ గీత దించి, డబ్బా ఎండలో పెట్టి వెళ్లిపోయాడు. నెమలి రంగు డబ్బా కంటే అది నిజంగానే బాగుంది. దాన్ని ఒక్కరోజు కూడా బడికి తీసుకుపోలేదు. కొన్నాళ్లకు అవ్వ అందులో పెసర్లు పోసుకుంది.

తర్వాత రెండేళ్లకు కాలు వాచి, కాక పని మానేసి ఖానాపూర్ వెళ్లిపోయాడు. అక్కడ చిన్నవ్వ వాళ్లకు కొంత భూమి ఉంది. బండిలో సామాను ఎక్కిస్తుంటే నేను కిటికీ వెనక నిలబడి చూశాను. చిన్నవ్వ అవ్వను పట్టుకుని ఏడ్చింది. నన్ను పిలిచారు. లేనని తమ్ముడితో చెప్పించాను.

నేను చదువుకున్నాను. పెళ్లయింది. పంతులమ్మనయ్యాను. పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు మొదటి అక్షరం దగ్గర నా చెయ్యి బరువెక్కేది. ఎవడైనా పలక మీద తప్పు రాసి, "మర్సిపోయిన టీచర్" అంటే కొట్టలేకపోయేదాన్ని.

ఇరవై ఏళ్ల పైన అయ్యాక, పరీక్షల డ్యూటీ ఖానాపూర్‌లో పడింది. ఆఖరి రోజు మధ్యాహ్నం అడుగుతూ అడుగుతూ వాళ్లింటికి పోయాను. కాక పందిరి కింద కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. పక్కన చేతికర్ర. చిన్నవ్వ ముందు గుర్తుపట్టింది. "మన పక్కింటి పిల్లనే!" అని చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. కొడుకు దుబాయి పోయాడని, ఫోన్ చేస్తుంటాడని చెప్పింది. టీ పెట్టింది. కాక నన్ను ఎగాదిగా చూసి, "పంతులమ్మవయినవా? మంచిది" అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

టీ తాగాక చెప్పాను. చదివింది ఒకటి, రాసింది ఒకటి అని చెప్పాను. మరిచిపోలేదని చెప్పాను.

ఆయన చేతిలో కంకి కింద పెట్టాడు.

"మర్సిపోయిన్నని ఎందుకు చెప్పినవ్ మరి?"

"భయపడ్డ కాక."

"గప్పుడు పిల్లవు. భయపడ్డవ్. పెద్దగైనంక? నౌకరొచ్చినంక?" ఆయన ఒళ్లోని గింజలు దులిపేశాడు. "సదువురానోడని లోకం నవ్వింది. నవ్వనీ, గది నిజమే. నన్ను తిన్నది గది గాదు. గా పిల్ల మర్సిందా, కావాలని చేసిందా. కావాలని చేస్తె నేనేం తప్పు చేసిన గా పిల్లకు? గిదే సోంచాయించిన గిన్నేండ్లు. చెప్పు, ఏం చేసిన నీకు?"

నేను చెప్పాను. నా డబ్బా కంటే ముందు ఆ పిల్ల డబ్బా మీద రాశావని.

కాక కంకి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "గందుకా?" అన్నాడు. కాసేపటికి మళ్లీ, చాలా మెల్లగా, "గందుకేనా?" అన్నాడు.

కర్ర పట్టుకుని లేచి, కుంటుకుంటూ పశువుల కొట్టం వైపు పోయాడు. నేను చాలాసేపు కూర్చున్నాను. ఆయన తిరిగి రాలేదు.

చిన్నవ్వ బస్సు దాకా వచ్చింది. బస్టాండు దగ్గర అంది. "నువ్వే కావాలని చేసినవేమో అని ఆయనకు అనుమానముండె బిడ్డా. నువ్వు గట్టిగ సదివింది ఆయన చెవుల ఉండె. వచ్చి చెప్తవని చూసిండు. లైనుల ఉన్నన్ని దినాలు చూసిండు. గీడికొచ్చినంక గూడ చూసిండు."

"మాఫ్ చేస్తడా చిన్నవ్వా?"

"నాకేమెర్క? నువ్వే మల్లొచ్చి అడుగు. నాలుగు దినాలు పోనీ. మల్లొస్తవా?"

వస్తానన్నాను. నిజంగానే అనుకుని అన్నాను. పరీక్షల పేపర్లు, బదిలీ, పిల్లవాడి చదువు. ఎండాకాలం పోదామనుకుంటే వానాకాలం వచ్చేది. అసలు సంగతి అవేవీ కాదు. ఆయన ముఖం చూడలేనని నాకు తెలుసు. మూడో ఏడు బాపు ఫోన్ చేసి, కాక పోయాడని, దినాలు కూడా అయిపోయాయని చెప్పాడు.

మా ఆయనతో ఒకసారి చెప్పుకుంటే, "చిన్నప్పటి సంగతి, ఎవరు చేయరు?" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. కానీ చిన్నప్పుడు నేను చేసింది ఒక్క సాయంత్రపు పని. తర్వాత నోరు మూసుకున్న ఇరవై ఏళ్లూ, మళ్లీ వస్తానని పోని మూడేళ్లూ, అన్నీ తెలిసిన పెద్దదాన్నై చేసినవే. వాటికి చిన్నతనం సాకు కాదు.

చిన్నవ్వ ఇంకా ఖానాపూర్‌లోనే ఉందట. చూపు తగ్గిందట, మనిషిని గొంతుతోనే గుర్తుపడుతుందట. మనవరాలి పుట్టినరోజు అయిపోగానే వచ్చే వారం పోదామనుకుంటున్నాను. ఇట్లా అనుకున్న వారాలు ఇంతకు ముందూ చాలా ఉన్నాయి.